పిల్లల మానసిక ఆరోగ్య ట్రయల్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరారా? పని ఇలా మొదలుపెట్టండి

ఎంఎస్‌డబ్ల్యూ చేసో, సైకాలజీలో పీజీ చేసో పిల్లల మానసిక ఆరోగ్యం మీద జరిగే ట్రయల్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ట్రయల్ అంటే, కౌన్సెలింగ్ లాంటిది నిజంగా పనిచేస్తుందో లేదో గ్రూపుల్ని పోల్చి చూసే పరిశోధన. నేను ఈ పని మొదట గుంటూరులో, తర్వాత విజయవాడలో చేశాను. చేరిన కొత్తలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి కుర్చీలో కూర్చుంటూనే అడిగింది: "మేడం, నేను చెప్పేవి మా అమ్మకి చెప్పేస్తారా?" తడుముకోకుండా "లేదమ్మా, ఎవరికీ చెప్పను" అన్నాను. అది తప్పు జవాబని ఆ రోజు నాకు తెలియలేదు. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఏమేం తెలిసి ఉండాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఈ ఉద్యోగంలో చాలా భాగం అందులోనే ఉంది.

ఫీల్డ్‌కి వెళ్ళేముందు

చేరగానే ట్యాబ్ చేతికిచ్చి "రేపటి నుంచి స్కూళ్ళకి వెళ్ళండి" అంటే వెళ్ళకండి. ముందు నాలుగు కాగితాలు అడిగి తీసుకోండి. ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా చేయాలో రాసిన పత్రం), ట్రయల్‌లో చేరేవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి లేఖ, కమిటీ ఆమోదించిన తెలుగు సమ్మతి పత్రాలు, పిల్లలు ఆపదలో ఉన్నారని తెలిస్తే ఎవరికి ఫోన్ చేసి ఏం చేయాలో రాసి ఉన్న పత్రం. ఈ నాలుగోది చేతిలో లేకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టకండి. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ, అంటే ట్రయల్స్ చేసేటప్పుడు పాటించాల్సిన నియమాల మీద శిక్షణ, ఎలాగూ ఇస్తారు, ఆ సర్టిఫికెట్ కాపీ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

సీటీఆర్ఐ నంబరు కూడా అడగండి. సీటీఆర్ఐ అంటే మన దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, 2007 జులైలో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి మనిషిని ట్రయల్‌లో చేర్చుకోకముందే అక్కడ రిజిస్టర్ చేసి తీరాలి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు. మీ ట్రయల్ పేజీ తెరిచి, 'ప్రైమరీ అవుట్‌కమ్' (ట్రయల్ తేల్చాల్సిన ముఖ్యమైన ఫలితం) దగ్గర ఉన్నదాన్ని మీ సొంత తెలుగులో ఒక్క వాక్యంగా డైరీ మొదటి పేజీలో రాసుకోండి. "ఆరు నెలల తర్వాత ఈ పిల్లల్లో దిగులు స్కోరు ఆ పిల్లల్లో కంటే తగ్గిందా" అన్నంత తేలిగ్గా ఉండాలి. పని ఒత్తిడిలో ఏ ఫారం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పిపోకూడదో ఆ వాక్యమే గుర్తుచేస్తుంది.

కొంతమంది పిల్లలకి కౌన్సెలింగ్ ఇచ్చి, కొంతమందికి ఇవ్వకుండా ఉండటం కొత్తవాళ్ళకి బాధగా అనిపిస్తుంది. నాకూ అనిపించేది. అప్పుడు మా సూపర్‌వైజర్ రెండు ట్రయల్స్ గురించి చదివించారు. బ్రిటన్‌లో 85 స్కూళ్ళలో, 8 వేలకు పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద మనసు నిలపడం) పాఠాల మీద ఒక పెద్ద ట్రయల్ చేశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. స్కూళ్ళలో మామూలుగా చెప్పే పాఠాల కంటే అవి మెరుగని తేలలేదు. రెండోది బీహార్ నలంద జిల్లాలో 74 స్కూళ్ళలో జరిగింది, ఫలితాలు 2018లో ప్రచురించారు. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్ళలో శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు నడిపారు, కొన్నిట్లో టీచర్లే నడిపారు. కౌన్సెలర్లు నడిపిన చోట స్కూలు వాతావరణం బాగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పోల్చి చూడకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, పనిచేయనిదాన్నే ఏళ్ళ తరబడి పిల్లలకి ఇస్తూ ఉండేవాళ్ళం.

మీ ట్రయల్‌లో పిల్లల్ని ఒక్కొక్కరిగా గ్రూపుల్లోకి విడదీస్తున్నారా, స్కూలు మొత్తాన్నో బస్తీ మొత్తాన్నో ఒకే గ్రూపులో వేస్తున్నారా అన్నది కూడా చూసుకోండి. విజయవాడ, ఢిల్లీ బస్తీల్లో 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళతో చేసిన ఆర్టెమిస్ ట్రయల్‌లో 60 బస్తీలను రెండు వర్గాలుగా విడదీశారు. విజయవాడలో కొండ మీద ఇళ్ళు చూసినవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు. గోడకి గోడ ఆనుకుని ఉన్న ఇళ్ళలో ఒక పిల్లాడు నేర్చుకున్నది సాయంత్రానికి పక్కింటి పిల్లాడికి వచ్చేస్తుంది.

మాటలు సిద్ధం చేసుకోండి

'మానసిక' అన్న మాట వినగానే మన దగ్గర చాలామంది తల్లులు "మా వాడికి పిచ్చేం లేదండీ" అంటారు. వాళ్ళని తప్పుపట్టకండి. దిగులు, భయం, బెంగ, చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం, పరీక్షల టెన్షన్ అని చెప్పండి, అందరికీ అర్థమవుతుంది. "గాలి సోకిందని తాయెత్తు కట్టించాం" అని ఎవరైనా చెబితే తల ఊపి వినండి. ఆ తల్లి తన బిడ్డలో ఏదో మార్పు గమనించింది, తనకు తెలిసిన దారిలో పరిగెత్తింది. ఆ గమనించినదే మీకు కావాలి.

రాండమైజేషన్ గురించి, అంటే ఎవరు ఏ గ్రూపులోకి వెళ్ళాలో ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా తేల్చడం గురించి చెప్పేటప్పుడు నేను మొదట్లో "చీటీలు తీసినట్టు" అనేదాన్ని. ఒకామె కంగారుగా "చీటీ డబ్బులు మేం కట్టలేమమ్మా" అంది. అప్పటినుంచి నాణెం తీసి చూపించి, "బొమ్మా బొరుసా వేసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది, నేనూ మార్చలేను, డాక్టరుగారూ మార్చలేరు" అంటున్నాను. "మీ పాపకి మంచి గ్రూపే వస్తుందిలెండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఏది మంచిదో తెలియకే ఈ ట్రయల్ చేస్తున్నాం.

మాటలు మనమే ఎంచుకునే ఈ స్వేచ్ఛ వివరించేటప్పుడే ఉంటుంది. ప్రశ్నావళిలో ఉన్న మాటల్ని మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఎందుకో కింద చెబుతాను.

స్కూల్లో అడుగుపెట్టడం

జిల్లా విద్యాశాఖ అనుమతి లేఖ కాపీ ఫైల్లో ఉండాలి. అది చూపించి నేరుగా క్లాసులోకి వెళ్ళిపోకండి. హెడ్మాస్టరు గారితో కూర్చుని రోజులు, పీరియడ్లు మాట్లాడుకోండి. మార్చిలో పదో తరగతి పరీక్షలు, మధ్యలో ఎఫ్ఏ, ఎస్ఏ లాంటి స్కూలు పరీక్షలు, దసరా, సంక్రాంతి, ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా వేసవి సెలవులు. ఇవన్నీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే మీకు మిగిలే రోజులెన్నో తెలుస్తుంది. అనుకున్నదానికంటే చాలా తక్కువ ఉంటాయి. మధ్యాహ్న భోజనం వేళకి ఏ పిల్లనీ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టకండి, ఆ భోజనం కోసమే వచ్చే పిల్లలుంటారు.

మాట్లాడే చోటు గురించి ఒకటే నియమం: కనిపించాలి, వినిపించకూడదు. ఖాళీ గది ఇచ్చే స్కూళ్ళు తక్కువ. స్టాఫ్ రూమ్‌లో ఒక మూల కూర్చోమంటారు. టీచర్లు కాపీలు దిద్దుకుంటూ వింటుంటే ఏ పిల్లా నిజం చెప్పదు. వరండా చివర, ఆవరణలో చెట్టు కింద, రెండు కుర్చీలు వేసుకునే చోటు వెతకండి. దూరం నుంచి ఎవరికైనా మీరిద్దరూ కనబడుతూ ఉండాలి. తలుపు మూసిన గదిలో పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ఇది పిల్లల భద్రత కోసం, మీ భద్రత కోసం కూడా.

పేర్లు పిలిచేటప్పుడు కూడా జాగ్రత్త. "మెంటల్ హెల్త్ వాళ్ళు వచ్చారు, ఎవరెవరు వెళ్ళాలి" అని క్లాసు ముందు ఒక మాస్టారు అరిచారు ఒకసారి. ఆ పిల్లలకి వారం రోజులు వెక్కిరింపులు. తర్వాత నుంచి మేం ముందే హెడ్మాస్టరు గారిని అడిగి, "ఆరోగ్య సర్వే" అన్న పేరుతో ఒకరి తర్వాత ఒకర్ని పంపమనేవాళ్ళం.

సమ్మతి

ఇక్కడ నిదానంగా వెళ్ళండి. మన రాష్ట్రంలో ఈ విషయంలో ఒక చేదు చరిత్ర ఉంది. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసే ప్రాజెక్టు జరిగింది. హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికలు చాలామంది అందులో ఉన్నారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. పల్లెల్లో, బస్తీల్లో 'ట్రయల్' అన్న మాటకి ఇప్పటికీ జనం ఉలిక్కిపడితే అందులో వింతేమీ లేదు.

కాబట్టి హెడ్మాస్టరు "మా పిల్లలే కదా, అందరి తరఫునా నేను సంతకం పెడతాను" అని మంచి మనసుతో అన్నా వద్దనండి. ఆయన ఇచ్చేది స్కూల్లోకి రావడానికి అనుమతి. బిడ్డ తరఫున సమ్మతి అమ్మానాన్నలదే.

వాళ్ళని పట్టుకోవడం మరో పని. మిరప కోతల కాలంలో గుంటూరు చుట్టుపక్కల తెల్లవారకముందే ఆటోల్లో కూలికి వెళ్ళిపోతారు, ఊళ్ళో తొడిమలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళు చీకటి పడ్డాక గానీ ఇంటికి రారు. సాయంత్రం ఆరున్నర తర్వాత వెళ్ళండి. ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్నో తోడు తీసుకెళ్తే దారి తెలుస్తుంది, కానీ లోపల మాట్లాడేటప్పుడు వాళ్ళని బయట ఉండమని మర్యాదగా అడగండి. ఆశా గారి ముందు "వద్దు" అనడానికి చాలామందికి మొహమాటం.

పత్రం చేతికిచ్చి "చదివి సంతకం పెట్టండమ్మా" అనకండి. పక్కన కూర్చుని చదివి వినిపించండి. తర్వాత "ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండక్కా, ఏం చేస్తామన్నాను?" అని అడగండి. "ఏదో ఇంజక్షన్ వేస్తారు" అని వస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. వేలిముద్ర వేసేవాళ్ళుంటే, మీ ప్రాజెక్టుకి సంబంధం లేని సాక్షి ఒకరు మొత్తం విని సంతకం చేయాలి. విజయవాడ వన్‌టౌన్‌లో ఉర్దూ ఇళ్ళు, ఊరి చివర లంబాడీ ఇళ్ళు ఉంటాయి. తెలుగు అర్థమవుతుందిలే అని సరిపెట్టుకోకండి, ఆ భాష వచ్చిన టీమ్ సభ్యుల్ని అడగండి. తేదీ ఆ రోజుది, ఆ మనిషి చేత్తోనే. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చి వెనక తేదీ వేయడం మోసం కిందే లెక్క.

అమ్మానాన్నలు హైదరాబాద్‌లో పనిచేస్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచిన ఇళ్ళు కోకొల్లలు. పెంచేది అమ్మమ్మే అయినా చట్టప్రకారం ఆమె గార్డియన్ కాకపోవచ్చు. సొంతంగా నిర్ణయించకండి, ట్రయల్‌కి బాధ్యులైన మీ ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌ని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ఆ తర్వాత పిల్లల అంగీకారం. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్ళు దాటిన పిల్లల నుంచి నోటిమాటగా, 12 నుంచి 18 మధ్య వాళ్ళ నుంచి రాతలో తీసుకోవాలి. అమ్మ సంతకం పెట్టినా పిల్ల వద్దంటే వద్దే. "మేడం వాళ్ళు అంత దూరం నుంచి వచ్చారు, కూర్చో" అని తల్లి గదమాయిస్తుంటే మీరే లేచి, "పర్లేదమ్మా, బలవంతం వద్దు" అనండి. నోరు విప్పి వద్దనలేని పిల్లలు కాలి బొటనవేలితో నేల గీస్తారు, తలుపు వైపు చూస్తుంటారు. అది కూడా జవాబే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. నేను చెప్పాల్సిన జవాబు ఇది: "నువ్వు చెప్పేవి మామూలుగా అమ్మకి గానీ టీచర్లకి గానీ చెప్పను. నీ పేరు కూడా ఫారం మీద ఉండదు, నంబరే ఉంటుంది. కానీ నీకు ఎవరైనా హాని చేస్తున్నారని, లేకపోతే నీకు నువ్వే హాని చేసుకోవాలనుకుంటున్నావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను. నిన్ను కాపాడగలిగేవాళ్ళకి చెబుతాను. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను." ఇది మొదటి ప్రశ్న అడగకముందే, ప్రతి పిల్లకీ, ప్రతిసారీ చెప్పాలి. ఇంటి దగ్గర గట్టిగా పలికి చూసుకోండి. ఇది విన్నాక కొంతమంది పిల్లలు కొన్ని విషయాలు దాచుకుంటారు. దాచుకునే హక్కు వాళ్ళకుంది.

ప్రశ్నలు అడిగే తీరు

పిల్లల ట్రయల్స్‌లో ఎక్కువగా కనబడే ప్రశ్నావళి ఎస్‌డీక్యూ, పిల్లల బలాలూ ఇబ్బందులూ అడిగేది. 25 ప్రశ్నలు, అయిదేసి చొప్పున అయిదు భాగాలు. భయాలు దిగులు, ప్రవర్తన, చురుకుదనం ఏకాగ్రత, స్నేహాలు, ఇతరులకి సాయపడే గుణం. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. మొదటి నాలుగు భాగాలు కలిపితే మొత్తం ఇబ్బందుల స్కోరు 40కి వస్తుంది. అయిదో భాగం అందులో కలవదు. అయిదు ప్రశ్నలకి మార్కులు తిరగేసి వేయాలి. ఉదాహరణకి మంచి స్నేహితుడు ఒకరైనా ఉన్నారన్నది "తప్పకుండా నిజం" అయితే ఇబ్బంది సున్నా. కాగితం మీద లెక్కేసేటప్పుడు కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అందరినీ ఒకే మాటతో అడిగితేనే స్కోర్లు పోల్చడానికి వీలవుతుంది. ఒకరికి "దిగులుగా ఉంటావా" అని, ఇంకొకరికి "ఏడుపొస్తుంటుందా" అని అడిగితే అవి రెండు వేరే ప్రశ్నలు. అర్థం కాలేదంటే అదే వాక్యం నెమ్మదిగా మళ్ళీ చదవండి. అప్పటికీ కాకపోతే శిక్షణ పుస్తకంలో ఇచ్చిన వివరణే చెప్పండి, "నీకెలా అనిపిస్తే అలా చెప్పమ్మా" అనండి.

"గత ఆరు నెలల్లో" అంటే పదేళ్ళ పిల్లాడికి ఏమీ తెలియదు. "ఇప్పుడు జులై కదా, సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా" అని పండగతో ముడిపెట్టొచ్చా అని మీ సూపర్‌వైజర్‌ని అడిగి, అందరికీ అదే పద్ధతి పెట్టించుకోండి. మా టీమ్‌లో ఇది బాగా పనిచేసింది.

మనకి చిన్నప్పటినుంచీ అలవాటైనదొకటి ఇక్కడ వదులుకోవాలి. పిల్ల "నాకెవరూ ఫ్రెండ్స్ లేరు" అంటే "అయ్యో, అలా అనుకోకూడదమ్మా, నువ్వు మంచిదానివి" అని మన నోట వచ్చేస్తుంది. ప్రేమతో అన్న మాటే. కానీ తర్వాతి ప్రశ్న నుంచి ఆ పిల్ల మీకు నచ్చే జవాబులే చెబుతుంది. "బాగా చదువుకోవాలి మరి" లాంటి సలహాలు కూడా అంతే. "ఊఁ, చెప్పమ్మా" అని ఆగండి. ముఖం దయగానే ఉంచండి, మాట మాత్రం అదుపులో పెట్టుకోండి. మొదట్లో ఇది రాతిమనిషి పని అనిపించింది నాకు. తర్వాత తెలిసింది, తన మాటని దిద్దకుండా విన్న పెద్దవాళ్ళు ఆ పిల్లకి అంతకుముందు ఎవరూ లేకపోవచ్చని.

ఇంటి దగ్గర అడిగేటప్పుడు తల్లి పక్కనుంచి జవాబులు అందిస్తుంది. "అమ్మా, మీకు వేరే ఫారం ఉంది, మీరు చెప్పేదీ నాకు కావాలి. ముందు బాబుతో పది నిమిషాలు" అంటే చాలావరకు లోపలికి వెళ్తారు. చిన్న పిల్లలు దీన్ని పరీక్షనుకుంటారు. తప్పు ఒప్పు లేవని, మార్కులు టీచరు చూడరని చెప్పండి.

పిల్ల లేచి వెళ్ళకముందే ఫారం మొత్తం ఒకసారి చూడండి. ఖాళీలున్నాయేమో, ఆపద సూచించే ప్రశ్నలకి ఏ జవాబు ఉందో. ఈ అలవాటు నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. ఒక స్కూల్లో పిల్లలు తామే నింపిన ఫారాలు పట్టుకుని ఆఫీసుకి వచ్చేశాం. రాత్రి ఎనిమిదింటికి ఎంట్రీ చేస్తుంటే ఒక ఫారంలో చచ్చిపోవాలనే ఆలోచన తరచుగా వస్తోందని టిక్ కనబడింది. మధ్యాహ్నం మూడింటికి పెట్టిన టిక్ అది. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, ఆ రాత్రే ఇద్దరం ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. బిడ్డ క్షేమంగానే ఉంది. ఆ అయిదు గంటలు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆపద అని తెలిసినప్పుడు

మన పిల్లలు "ఈ లెక్కలతో చచ్చిపోతున్నా మేడం" అని మామూలుగా అంటుంటారు. అందువల్ల నిజంగా అన్నప్పుడు కూడా దాటేసే ప్రమాదం ఉంది. ఊహించకండి, అడగండి: "అంటే నిజంగా చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పిల్లలు తేలికపడతారు.

అవునంటే ఫారం పక్కన పెట్టేయండి. ఆ క్షణం నుంచి మీకు ట్రయల్ లేదు, ఆ పిల్లే ఉంది. ఒంటరిగా వదలకండి, బాత్రూమ్‌కి వెళ్తానన్నా తోడు వెళ్ళండి. మీ క్లినికల్ సూపర్‌వైజర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేయండి. ఆ నంబరు, ఆమె ఎత్తకపోతే చేయాల్సిన రెండో నంబరు ఐడీ కార్డు వెనక రాసి ఉండాలి. పిల్లతో "ఇది నాకు చెప్పి మంచిపని చేశావు. ఇప్పుడు ఫలానావారికి చెప్పబోతున్నాను" అనండి. గుంటూరు జీజీహెచ్‌లోనూ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ మానసిక వైద్యులుంటారు. ట్రయల్ మొదలుకాకముందే ఒకసారి వెళ్ళి ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో అన్నది చూసి రండి. అవసరం పడ్డ రోజు వెతుక్కునే తీరిక ఉండదు. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వ ఫోన్ సాయం టెలి మానస్ 14416, ఆపదలో ఉన్న పిల్లల కోసం చైల్డ్‌లైన్ 1098, అత్యవసరమైతే 112. ఈ మూడూ ముద్రించిన చిన్న కార్డు ట్రయల్‌లో ఉన్న ప్రతి కుటుంబానికీ ఇవ్వండి.

సేద్యం చేసే ఇళ్ళలో ఇంకొకటి తప్పనిసరిగా చూడాలి. పత్తికో మిరపకో కొట్టే పురుగుల మందు డబ్బా మంచం కిందో, గోడ మూలో ఉంటుంది. క్షణం తొందరలో చేతికందేది అదే. తల్లిదండ్రులతో సూపర్‌వైజర్ మాట్లాడేటప్పుడు ఆ డబ్బా ఇంట్లోంచి తీయించడం, లేదా తాళం వేయించడం గురించి మాట్లాడారో లేదో మీరు గుర్తుచేయండి.

లైంగిక వేధింపు సంగతైతే చట్టం స్పష్టంగా ఉంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. "కుటుంబం పరువు పోతుంది, మనం మనం చూసుకుందాం" అని ఎవరు ఒత్తిడి చేసినా మీరు ఆ మాటలో చేరకండి. సూపర్‌వైజర్‌కి వెంటనే చెప్పి, రిపోర్టు వెళ్ళిందని నిర్ధారించుకోండి. పిల్లని గుచ్చిగుచ్చి అడగకండి, విచారణ మీ పని కాదు. తను అన్న మాటల్ని అన్నట్టే, సమయంతో సహా రాసి పెట్టండి. ముందుగా "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి ఉంటే ఇక్కడ ఆ పిల్ల ముందు మాట తప్పినవాళ్ళవుతాం. పెద్దవాళ్ళ చేతిలో ఒకసారి మోసపోయిన బిడ్డని ఇంకోసారి మోసం చేసినట్టే.

ఏ గ్రూపో మీకు తెలియకూడదు

కొలతలు తీసేవాళ్ళకి ఎవరు ఏ గ్రూపో తెలియకుండా ఉంచుతారు. తెలిస్తే మనకి తెలియకుండానే కౌన్సెలింగ్ తీసుకున్న పిల్ల ముఖంలో వెలుగు కనబడుతుంది. ఫాలో-అప్‌లో, అంటే కొన్ని నెలల తర్వాత మళ్ళీ కొలవడానికి కూర్చోగానే, "నీ దగ్గరికి ఎవరైనా అక్క వచ్చి ఆటలూ పాఠాలూ చెప్పారో లేదో నాకు చెప్పొద్దు, అది మనిద్దరి మధ్యా ఉన్న ఆట నియమం" అనండి. చిన్నపిల్లలు ఆ నియమాన్ని పట్టుదలగా పాటిస్తారు. నోరు జారితే కంగారు పడకండి, పిల్లని కోప్పడకండి. రిజిస్టర్‌లో తేదీ వేసి రాసి, సూపర్‌వైజర్‌కి చెప్పండి, తర్వాతి కొలత వేరేవాళ్ళ చేత తీయిస్తారు. దాచడమే ప్రమాదం. చిన్న ఆఫీసుల్లో కౌన్సెలర్లూ మీరూ కలిసే క్యారేజీలు విప్పుతారు కాబట్టి, భోజనాల దగ్గర పిల్లల ఊసు ఎత్తకూడదని అందరూ ఒక మాట అనుకోండి.

మళ్ళీ వెతికి పట్టుకోవడం

ఆరు నెలల తర్వాత సగం ఫోన్ నంబర్లు పలకవు. మొదటిరోజే మూడు నంబర్లు తీసుకోండి: తల్లిది, తండ్రిది, ఊళ్ళోనే ఉండే బంధువుది. చిరునామాలో డోర్ నంబరు ఒక్కటే సరిపోదు, "రామాలయం వెనక, నీలం గేటు, పక్కన ఇస్త్రీ బండి" అని రాసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఇళ్ళు, ఫోన్లు, పుస్తకాలు అన్నీ నీళ్ళపాలయ్యాయి. అలాంటప్పుడు బంధువు నంబరే దిక్కు. మొదట వాళ్ళు బాగున్నారా, తిండి, నీళ్ళు అందాయా అని అడగండి. ట్రయల్ తర్వాత. అలాంటి పెద్ద ఘటన జరిగితే ఆ తేదీ కూడా రాయాలి, స్కోర్ల మీద దాని నీడ పడుతుంది.

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఓటీపీ మోసమని జనం భయపడుతున్నారు. మొదటి కలయికలోనే మీ ప్రాజెక్టు నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేయించండి, మేం ఎప్పుడూ ఓటీపీ అడగమని చెప్పండి. పదో తరగతి అయ్యాక పిల్లలు ఇంటర్ హాస్టళ్ళకి వెళ్ళిపోతారు. అక్కడ ఫోన్లుండవు. ఏ ఆదివారం కలవనిస్తారో తల్లిదండ్రుల దగ్గర కనుక్కుని, వాళ్ళతో కలిసి వెళ్ళండి.

మూడుసార్లు ప్రయత్నించినా రానంటే వదిలేయండి. ఎందుకు మానుకున్నారో చెప్పాలని కూడా వాళ్ళమీద బాధ్యత లేదు.

కాగితం, ట్యాబ్

తప్పు పడితే ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ. వైట్‌నర్ వాడకూడదు. ఫారం ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, నంబరే ఉన్నా సరే. పేర్ల జాబితా, నంబర్ల జాబితా ఒకే బ్యాగులో పెట్టి బస్సెక్కకండి.

నెలాఖరుకి టార్గెట్ ఒత్తిడి వస్తుంది. నాతోపాటు పనిచేసిన ఒకరు ఇంట్లో కూర్చుని మూడు ఫారాలు ఊహించి నింపారు. ఫాలో-అప్‌లో స్కోర్లు పొంతన కుదరక బయటపడింది. ఆ మూడే కాదు, తను తీసిన ఫారాలన్నీ అనుమానంలో పడ్డాయి, అందులో నిజంగా చెప్పిన పిల్లల మాటలూ కొట్టుకుపోయాయి. టార్గెట్ అందకపోతే అందలేదని చెప్పండి. అందుకు చివాట్లు పడితే పడనివ్వండి.

మీ సంగతి

రోజుకి నాలుగైదు ఇంటర్వ్యూలకి మించి పెట్టుకోకండి. చీకటి పడ్డాక ఇళ్ళకి ఇద్దరుగా వెళ్ళండి. సొంత ఫోన్ నంబరు పిల్లలకివ్వకండి, ఇస్తే అర్ధరాత్రి మెసేజ్‌కి మీరే దిక్కవుతారు, ఆ సమయంలో సరిగ్గా సాయపడలేరు. బరువైన మాటలు విన్న రోజు సూపర్‌వైజర్‌తో పావుగంట మాట్లాడి గానీ ఇంటికి వెళ్ళకండి. మీకు నిద్ర పట్టకపోతే 14416 మీకు కూడా పనికొస్తుంది, నేను ఒకసారి చేశాను.

చివరి కలయికలో "మళ్ళీ వస్తాను" అని ఊరికే అనకండి, పిల్లలు ఎదురుచూస్తారు. "ఇది ఆఖరుసారి" అని చెప్పి, ఇంకా ఇబ్బంది ఉన్న పిల్లలకి ఎక్కడ సాయం దొరుకుతుందో రాసిన కార్డు తల్లి చేతిలో పెట్టండి. కంట్రోల్ గ్రూపు (పోల్చడం కోసం కౌన్సెలింగ్ ఇవ్వకుండా ఉంచిన గ్రూపు) పిల్లలకి తర్వాత కౌన్సెలింగ్ ఇస్తామని సమ్మతి పత్రంలో రాసి ఉంటే, అది మొదలయ్యే తేదీ కూడా ఆ కార్డు మీదే రాయండి. ఫలితాలు వచ్చాక వాటిని తెలుగులో ఒక పేజీగా రాసి అవే స్కూళ్ళకి, అవే వీధులకి వెళ్ళి చదివి వినిపించే రోజు బడ్జెట్‌లో ఉందో లేదో చేరిన వారంలోనే అడగండి. లేకపోతే పెట్టించండి.